పెద్ద కంపెనీ తోడుంటే చిన్న బ్రాండ్ కారు కొనొచ్చా?

ప్రశ్న: కరీంనగర్‌లో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని. నెలకు 70 వేలు చేతికొస్తాయి. 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. నిస్సాన్ మాగ్నైట్ టర్బో ఆన్‌రోడ్ 10 లక్షలు అంటున్నారు. లక్ష కట్టి, మిగతాదానికి ఏడేళ్ల లోన్ తీసుకుందామనుకుంటున్నా. కంపెనీ దేశం వదిలి వెళ్లిపోతే ఎలా అని మా బావ వద్దంటున్నాడు. షోరూమ్ వాళ్లేమో నిస్సాన్‌కు ఫ్రెంచ్ కంపెనీ రెనో తోడుంది, టెన్షన్ వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావ ఊరికే భయపడటం లేదు. మన దేశంలో అమ్ముడుపోయే వంద కార్లలో నిస్సాన్‌వి ఒకటి కూడా ఉండవు. 2022లో తన డాట్సన్ బ్రాండ్‌ను ఇక్కడ మూసేసింది. జపాన్‌లో హోండాతో విలీనం మాటలు 2024 డిసెంబరులో మొదలై 2025 ఫిబ్రవరికల్లా చెడిపోయాయి. చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో నిస్సాన్‌కు ఉన్న 51 శాతం వాటాను కూడా రెనో కొనేసింది. అయితే నిస్సాన్ కార్లు అక్కడే తయారవుతున్నాయి.

ఇక ఆ తోడు సంగతి. మాగ్నైట్, రెనో వాళ్ల కైగర్ కారు ఒకే ప్లాట్‌ఫామ్ (బండి కింది అసలు నిర్మాణం) మీద కట్టినవి, టర్బో ఇంజన్ కూడా ఒకటే. కాబట్టి ఇంజన్ పార్ట్స్ విషయంలో షోరూమ్ మాట కొంతవరకు నమ్మొచ్చు. కానీ బంపరు, హెడ్‌ల్యాంపు, బానెట్ దేనివి దానివే. చిన్న యాక్సిడెంట్ అయినా మొదట పోయేవి అవే! ఆ మాటకొస్తే రీసేల్ దగ్గర కూడా తోడు పనికిరాదు. సెకండ్ హ్యాండ్ డీలరు బండి ముందున్న బ్యాడ్జీ చూసే రేటు చెబుతాడు.

తోడు ఉన్నంత మాత్రాన కంపెనీ ఇక్కడే ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఫోర్డ్‌నే చూడండి. 2019లో మహీంద్రాతో జాయింట్ వెంచర్ ప్రకటించింది, 2020 చివరి రోజున అది రద్దయింది, 2021 సెప్టెంబరులో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నానంది. షెవర్లే వెనక జనరల్ మోటార్స్ అంతటిది ఉన్నా 2017తో ఇక్కడ అమ్మకాలు ఆగిపోయాయి. సర్వీసు ఇస్తామని రెండు కంపెనీలూ చెప్పాయి, కానీ అమ్ముకోవడానికి వెళ్లినవాళ్లకు రేటు తెగ్గొట్టే చెప్పారు. నిస్సాన్ కూడా వెళ్లిపోతుందని నేననడం లేదు. ఆ రిస్కును మీ లెక్కలో వేసుకోమంటున్నా.

నన్నడిగితే, మీ ప్లానులో అసలు ప్రమాదం కారు కాదు, ఏడేళ్ల లోను. 9.5 శాతం వడ్డీకి 9 లక్షలు తీసుకుంటే ఈఎంఐ సుమారు 14,700 పడుతుంది. మూడేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా బ్యాంకుకు ఇంకా దాదాపు 5.85 లక్షలు బాకీ ఉంటుంది. అప్పటికి బండికి 5 లక్షలే పలికితే? అమ్మి కూడా 85 వేలు ఎదురు కట్టాలి. అది కడితేగానీ ఆర్‌సీ మీద హైపోథికేషన్ (లోను తీరేదాకా బండి మీద బ్యాంకుకుండే తాకట్టు హక్కు) బ్యాంకు తీయదు, బండి కొన్నవాడి పేరుకు మారదు.

ఎఫ్‌డీలోంచి 3 లక్షలు తీసి కట్టండి. మిగతా 7 లక్షలు నాలుగేళ్ల లోన్ పెట్టుకోండి. ఈఎంఐ దాదాపు 17,600 అవుతుంది, అంటే నెలకు మరో 2,900 చొప్పున ఎక్కువ. వడ్డీ మొత్తం మాత్రం 3.36 లక్షల నుంచి 1.44 లక్షలకు దిగుతుంది. మూడేళ్లకు బాకీ 2 లక్షలే ఉంటుంది, రేటు బాగా పడినా చేతి నుంచి పెట్టాల్సిన పని దాదాపు రాదు. ఇంకో 2 లక్షల ఎఫ్‌డీ ఆపద్ధనం, దాన్ని ముట్టుకోకండి. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు పోగా 17,600 కట్టలేననిపిస్తే 10 లక్షల బండి మీకు బరువే, ఏ కంపెనీదైనా సరే. కింది వేరియంట్ చూడండి.

మూడు నాలుగేళ్లకు బండి మార్చే అలవాటుంటే మారుతీయో హ్యుందాయో మేలు, మొదట కొంచెం ఎక్కువైనా. ఎనిమిది, తొమ్మిదేళ్లు వాడేవాళ్లకు రీసేల్ తేడా అంతగా తగలదు, వాళ్లకు మాగ్నైట్ చెడ్డ బేరమేమీ కాదు. బుక్ చేసేముందు మాత్రం సేల్స్ కౌంటర్‌ను వదిలి సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఎడమవైపు హెడ్‌ల్యాంపు ధర ఎంత, ఎన్ని రోజుల్లో తెప్పిస్తారు అని అడగండి. బయట బండి తీసుకోవడానికి వచ్చిన కస్టమర్లు కనిపిస్తే వాళ్లనూ ఓ మాట అడగండి.