హాప్కిన్స్ 20, హాగ్లర్ 12: ఆ లెక్కతో తేలదు

బ్రో, బాక్సింగ్‌లో హాప్కిన్స్ 20 సార్లు మిడిల్‌వెయిట్ టైటిల్ నిలబెట్టుకుంటే హాగ్లర్ 12 సార్లేగా, కాబట్టి హాప్కిన్సే గొప్ప అని మీ ఫ్రెండ్ అంటున్నాడు, ఏం చెప్పాలో తెలీట్లేదు అన్నావ్ కదా, ముందు ఆ నంబర్ పక్కన పెట్టు. టైటిళ్లిచ్చే సంస్థలు చాలా ఉన్నాయి, హాప్కిన్స్‌కి 1995లో వచ్చింది అందులో ఐబీఎఫ్ అనే సంస్థ బెల్ట్ ఒక్కటే, మిగతావి వేరేవాళ్ల దగ్గరున్నాయి, 2001లో ఫెలిక్స్ ట్రినిడాడ్ అనే బాక్సర్‌ని 12వ రౌండ్‌లో ఆపాకే తిరుగులేని ఛాంపియన్ (అంటే ప్రధాన బెల్టులన్నీ ఒక్కడి దగ్గరే) అయ్యాడు. హాగ్లర్ మాత్రం 1980లో లండన్ వెళ్లి అప్పటి ఛాంపియన్ మింటర్‌ని మూడు రౌండ్లలో ముగించి తిరుగులేని టైటిలే పట్టుకొచ్చాడు, జనం సీసాలు విసురుతుంటే రింగ్‌లో సంబరం చేస్కోడానికి కూడా లేకపోయింది పాపం.

ఇంకోటి, రూల్స్ మారాయి. అప్పట్లో 15 రౌండ్లు, తర్వాత 12. తూకం కూడా ఒకప్పుడు ఫైట్ రోజునే, ఇప్పుడు ముందురోజు మిడిల్‌వెయిట్ హద్దు 72.57 కేజీలు చూపించేసి, కడుపునిండా తిని తాగి మర్నాడు వేరే మనిషిలా దిగుతారు. 1987లో లెనార్డ్ చేతిలో హాగ్లర్ ఓడింది 12 రౌండ్ల ఫైటే, అదీ స్ప్లిట్ డెసిషన్, అంటే ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు లెనార్డ్‌కి, ఒకరు హాగ్లర్‌కి ఇచ్చారు.

మీవాడికి 1985 హర్న్స్ ఫైట్ చూపించు. హాగ్లర్ నుదురు చిట్లి రక్తం కారుతోంది, మూడో రౌండ్‌లో డాక్టర్‌తో చూపించారు, ఇక ఆపేస్తారేమో అన్నట్టుంది, ఈయన వెళ్లి అదే రౌండ్‌లో హర్న్స్‌ని పడేశాడు.

నన్నడిగితే ఇద్దరూ తలపడితే, 15 రౌండ్లయితే హాగ్లర్, 12 అయితే హాప్కిన్స్ జిత్తులతో లాగేయొచ్చు. అర్జెంటీనా మిడిల్‌వెయిట్ ఛాంపియన్ మోంజోన్‌ని కూడా మర్చిపోవద్దు, 14 సార్లు నిలబెట్టుకుని 1977లో ఛాంపియన్‌గానే తప్పుకున్నాడు.