ఓడలో పిల్లల క్లబ్‌కు అక్కాతమ్ముళ్ళను కలిపే పంపాలా?

ప్రశ్న: మాది అనంతపురం. పాపకు ఏడేళ్ళు, రెండో తరగతి. బాబుకు నాలుగు నిండాయి, అదే స్కూల్లో ఎల్‌కేజీ. మే మొదటి వారంలో మా అత్తమామల యాభయ్యో పెళ్ళిరోజు. సింగపూర్‌లో ఉన్న మా బావగారు అందరికీ క్రూయిజ్ టికెట్లు తీశారు. సింగపూర్‌లో ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసి, ఒక రోజంతా సముద్రం మీదే ఉండి తిరిగి రావాలి. మొత్తం నాలుగు రాత్రులు. ఓడలో పిల్లల క్లబ్ ఉంటుంది, అక్కడ వదిలేస్తే మనం హాయిగా తిరగొచ్చు అంటుంది మా తోడికోడలు. వాళ్ళబ్బాయికి ఎనిమిదేళ్ళు, వాడికి ఇవన్నీ అలవాటే. మా బాబు మాత్రం అక్క లేనిదే ఎక్కడా ఉండడు. పాప కూడా వాణ్ణి విడవదు. స్కూల్లో లంచ్ బెల్ కొట్టగానే వాడి క్లాసుకు పరిగెత్తి, వాడికి తినిపించాకే తను తింటుంది. క్లబ్‌లో వయసును బట్టి వేరే గదుల్లో పెడతారట. పాపను కూడా చిన్నవాళ్ళ గదిలోనే ఉంచమని అడగమంటారా? మా అత్తగారేమో ‘పిల్లోళ్ళను పరాయి దేశమోళ్ళ చేతిలో పెట్టి మనం తిరగల్లా?’ అంటున్నారు. నాకు ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ బెంగంతా బాబు గురించే. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపింది పాప గురించి రాసిన ఆ లంచ్ బెల్ మాట. వాడి క్లాసుకు పరిగెత్తి, డబ్బా మూత తీసి, ముద్దలు కలిపి పెట్టి, మూతి తుడిచి, మళ్ళీ తన క్లాసుకు వచ్చేసరికి ఆ పిల్లకు మిగిలేది ఎన్ని నిమిషాలు? తన డబ్బాలో సగం ఇంటికి తిరిగొస్తోందేమో ఈ వారం గమనించండి. లంచ్ తర్వాత ఎవరితో ఆడుకున్నావని అడిగి చూడండి. ఒక్క స్నేహితురాలి పేరైనా చెప్పలేకపోతే, మనం ఆలోచించాల్సింది ఓడ కంటే ముందు అదే.

ఈ పని ఆమెకు ఎవరూ కావాలని అప్పజెప్పి ఉండరు. వాడు స్కూల్లో చేరిన కొత్తలో ఏడిస్తే ‘అక్కవు కదా, నువ్వే చూసుకోవాలి’ అని ఉంటారు. మన ఇళ్ళలో అందరం అనే మాటే. కానీ పిల్లలు దాన్ని ఆ ఒక్క రోజుతో వదిలెయ్యరు. వాడు ఏడిస్తే తప్పు తనదే అన్నట్టు మోస్తారు. ప్రేమ ఉంది, నిజమే. ఆ ప్రేమ కిందే భయం కూడా ఉంటుంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: అడగొద్దు. చాలా ఓడల్లో మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ వాళ్ళను ఒక గుంపుగా, ఆరు దాటినవాళ్ళను ఇంకో గుంపుగా పెడతారు. కంపెనీని బట్టి వయసులు కొద్దిగా మారతాయి. చిన్నవాణ్ణి పెద్దవాళ్ళలోకి పంపరు. పెద్దపిల్లను చిన్నవాళ్ళలో కూర్చోబెట్టడానికి కొన్ని ఓడల్లో ఒప్పుకుంటారు. ఒప్పుకున్నా వద్దనే అంటాను. నాలుగేళ్ళ పిల్లలు రంగులు పూసుకునే గదిలో ఏడేళ్ళ పిల్ల కూర్చుంటే ఆమెకు అది సెలవు కాదు, లంచ్ బెల్ డ్యూటీయే సముద్రం మీద జరిగినట్టు. పక్క గదిలో మీ బావగారి అబ్బాయి తన ఈడు పిల్లలతో ఆడుతుంటాడు. ఆమె అక్కడుండాలి.

తెంచినట్టు విడదియ్యమనడం లేదు. ప్రయాణానికి ఇంకా ఆరు వారాలుంది, స్కూళ్ళు నడుస్తున్నాయి. ముందు బాబు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. వాడి డబ్బాలో కలుపుకోవాల్సిన పని లేనిది, తనే చేత్తో తీసుకుని తినగలిగేది పెట్టండి. చిన్న చపాతీ ముక్కలు, ఇడ్లీ, పెరుగన్నం అయితే ఒక స్పూను. సగమే తిన్నా ఫర్వాలేదు, సాయంత్రం ఇంట్లో తింటాడు. పాపతో మీరే కూర్చుని చెప్పండి: ‘తమ్ముణ్ణి చూసుకునేది నేనూ నాన్నా. స్కూల్లో టీచరు. నువ్వు నీ ఫ్రెండ్స్‌తో తిని ఆడుకో.’ ఈ మాట ఒకసారి చెబితే చాలదు. వాడు ఏడ్చిన రోజు కూడా అదే మాట మీద ఉంటేనే నమ్ముతుంది. మొదట్లో ఆమే ఎక్కువ బాధపడొచ్చు, ‘వాడికి నేనక్కర్లేదా’ అని. ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి ఆడుకునే టైమ్ అలాగే ఉండనివ్వండి.

ఆదివారాలు ఇంకో పని చెయ్యండి. పాపను మీ ఆయన ఆర్డీటీ గ్రౌండ్‌కో పార్కుకో తీసుకెళ్ళాలి, బాబు మీతో ఉండాలి. మరుసటి వారం మార్చండి. ఆ తర్వాత బాబును మీ చెల్లెలి ఇంట్లోనో, బాగా తెలిసిన పక్కింట్లోనో గంటసేపు వదలండి. మీరూ ఉండకూడదు, అక్కా ఉండకూడదు. వెళ్ళేటప్పుడు కళ్ళుగప్పి జారుకోవద్దు. ఏడుస్తాడని అందరం చేసే పని అదే, కానీ దాంతో పిల్లాడు నేర్చుకునేది ఒక్కటే: అమ్మ మీద నుంచి చూపు తిప్పితే అమ్మ మాయమవుతుంది. అందుకే ఇంకా అతుక్కుపోతాడు. ‘పాలు తాగి, బొమ్మ వేసే లోపల వచ్చేస్తా’ అని చెప్పి, ముద్దుపెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళండి. నాలుగేళ్ళవాడికి ఐదు గంటలంటే తెలీదు, పాలు తాగడమంటే తెలుసు. చెప్పిన దానికంటే ఐదు నిమిషాలు ముందే రండి.

మీరు తిరిగి రాగానే గట్టిగా ఏడిస్తే, అంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడని అనుకోవద్దు. లోపల పట్టుకున్నదంతా అమ్మను చూసి వదిలేస్తారు పిల్లలు. న్యూయార్క్‌లో 1956లో మొదలుపెట్టి పిల్లల స్వభావాలను ఏళ్ళ తరబడి గమనించిన అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ దంపతులు, నూటికి పదిహేను మంది దాకా కొత్త చోట మెల్లగా మాత్రమే కుదురుకునే రకమని చెప్పారు. అది జబ్బు కాదు, మొండితనమూ కాదు. అలాంటివాళ్ళను తోసినా లాభం లేదు, పూర్తిగా తప్పించినా లాభం లేదు. మళ్ళీ మళ్ళీ కొంచెం కొంచెంగా ఆ చోటు చూపించాలి, అంతే.

ఇప్పుడు ఎవరూ చెప్పని ఒక విషయం: టాయిలెట్. చాలా క్లబ్బుల్లో డైపర్ వేసుకునే పిల్లలను చేర్చుకోరు, అక్కడివాళ్ళు పిల్లల్ని కడగరు. మన ఇళ్ళలో నాలుగేళ్ళవాడు లోపల కూర్చుని ‘అమ్మా, అయిపోయింది’ అని కేకేస్తాడు, మనం వెళ్ళి కడుగుతాం. అక్కడ మగ్గు ఉండదు, కాగితం ఉంటుంది. పిలిస్తే వచ్చేవాళ్ళు లేక, ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలియక, బిగబట్టుకుని ఏడ్చే పిల్లలున్నారు. పెద్దవాళ్ళకేమో అది అమ్మ మీద బెంగలా కనిపిస్తుంది. ఈ ఆరు వారాల్లో వెస్టర్న్ టాయిలెట్ మీద కూర్చోవడం, తుడుచుకోవడం, చేతులు కడుక్కోవడం నేర్పించండి. జిప్పులూ బెల్టులూ లేని ఎలాస్టిక్ నిక్కర్లే వెయ్యండి. ‘టాయిలెట్’, ‘వాటర్’, ‘కాల్ మై మమ్మీ’ అనే మూడు మాటలు గట్టిగా అనడం ఆటలా అలవాటు చెయ్యండి. క్లబ్‌కు పంపే ముందు మీరే ఒకసారి కూర్చోబెట్టి తీసుకెళ్ళండి. పిల్లలకు టాయిలెట్‌కు ఎవరు తోడొస్తారో, తలుపు ఎలా ఉంటుందో రిజిస్ట్రేషన్ రోజే అడగండి, మొహమాటపడొద్దు. ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో ఇద్దరికీ ఇంట్లోనే చెప్పి ఉంచండి.

ఓడ ఎక్కిన సాయంత్రం సాధారణంగా తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి క్లబ్ చూడటానికి అవకాశం ఇస్తారు. దాన్ని వదులుకోవద్దు. ముందు అందరూ బాబు గదిలో కాసేపు కింద కూర్చుని ఆడండి, తర్వాత పాప గదికి వెళ్ళండి. అక్క ఎక్కడుంటుందో వాడు కళ్ళతో చూడాలి. ఆ రోజుకు అంతే, వదలొద్దు. రెండో రోజు పెనాంగ్, మూడో రోజు ఫుకెట్ కదా, పగలు పిల్లలను మీతోనే తీసుకెళ్ళండి. ఆ రెండు సాయంత్రాలూ వదిలి చూడండి, మొదటి రోజు అరగంట, రెండో రోజు గంట. అది కుదిరితే నాలుగో రోజు, సముద్రం మీద ఉండే రోజు, ఎక్కువసేపు ఉంచొచ్చు.

సాయంత్రమే అనడానికి కారణం ఉంది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఓడలో ఉదయం తొమ్మిదంటే మీ పిల్లల ఒంటికి ఇంకా ఆరున్నరే, నిద్ర మొహంతో వదిలితే ఎవరైనా ఏడుస్తారు. రాత్రి ఏడంటే వాళ్ళకు సాయంత్రం నాలుగున్నర, స్కూలు నుంచి వచ్చి ఆడుకునే వేళ. కడుపు నింపి పంపండి. సింగపూర్ నుంచి తిరిగే ఓడల్లో మనవాళ్ళు బాగా ఎక్కుతారు కాబట్టి అన్నం, పప్పు దొరకడం కష్టం కాదు. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు, సీల్ ఉన్న ప్యాకెట్లయితే సాధారణంగా ఒప్పుకుంటారు.

వదిలేది మీ ఆయన కావాలి, తీసుకొచ్చేది మీరు కావాలి. వాడు మిమ్మల్ని అతుక్కున్నంతగా నాన్నను అతుక్కోడు. పది నిమిషాల్లో ఊరుకోకపోతే పిలవమని చెప్పండి. సముద్రం మీద మన ఫోన్లు మామూలుగా పనిచెయ్యవు, వాళ్ళు మిమ్మల్ని ఎలా పిలుస్తారో ముందే అడిగి, అందే చోటే ఉండండి. రెండుసార్లు చూసినా వాడు కుదురుకోకపోతే ఆపెయ్యండి. క్లబ్ ఖర్చు మామూలుగా టికెట్‌లోనే కలిసి ఉంటుంది, పోయేదేమీ లేదు. బాబు ఉండలేదని పాపను మాత్రం వెనక్కి తేవద్దు. ఆమెకు నచ్చితే ఆమె ఉంటుంది.

మీ అత్తగారి భయాన్ని చాదస్తమని కొట్టెయ్యకండి. పిల్లలను పెంచినావిడ ఆమె. క్లబ్ చూసే సాయంత్రం ఆమెను కూడా తీసుకెళ్ళండి. పిల్లలను లోపలికి తీసుకునేటప్పుడూ బయటికి పంపేటప్పుడూ పేరు నమోదు చెయ్యడం, మనం రాసిచ్చిన పెద్దవాళ్ళకు తప్ప ఇంకెవరికీ చిన్నపిల్లలను అప్పగించకపోవడం ఆమె కళ్ళారా చూడాలి. చాలా ఓడల్లో పిల్లల చేతికి పట్టీ కడతారు, అత్యవసరమైతే ఏ చోటికి చేర్చాలో దాని మీద ఉంటుంది. తీసుకెళ్ళగలిగేవాళ్ళలో జేజి పేరు కూడా రాయించండి, ఆమెకు ధైర్యంగా ఉంటుంది. ఒక్కటే వినయంగా అడగండి: పిల్లల ముందు ‘పాపం, ఏడుస్తాడేమో’ అనొద్దని.

తోడికోడలితో కూడా ఇప్పుడే చెప్పేయండి, పెద్దవాళ్ళ కార్యక్రమాలన్నీ పిల్లలు క్లబ్‌లో ఉంటారన్న లెక్క మీద పెట్టుకోవద్దని. యాభయ్యో పెళ్ళిరోజు భోజనానికి మనవళ్ళూ మనవరాళ్ళూ బల్ల దగ్గరే ఉండాలి, ఆ రాత్రి క్లబ్ మాటే ఎత్తొద్దు. ఇద్దరిలో ఎవరికైనా జ్వరమో విరేచనాలో ఉంటే దాచి పంపకండి, క్లబ్‌లోకి తీసుకోరు. ఓడ ఊగితే వాంతులయ్యే అలవాటు ఉంటే, ఏ మందు ఎంత వెయ్యాలో బయల్దేరే ముందే మీ పిల్లల డాక్టర్‌ను అడిగి రాయించుకోండి.