భూమి లోతుల్లోని జీవుల గురించి రాస్తున్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

భూపాలపల్లి నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివాను. బొగ్గు బాయిలో గ్యాస్ చూసే పద్ధతితో మొదలుపెట్టి, మీథేన్‌కు, దాన్ని చేసే సూక్ష్మజీవులకు, వాటికి కావలసిన విటమిన్ బి12కు వెళ్లావు. ఆ దారి నాకు చాలా నచ్చింది.

"ఇరుగుపొరుగు పెరుగు తోడు ఇచ్చుకున్నట్టు ఈ సూక్ష్మజీవులు విటమిన్లు పంచుకుంటాయి" అన్న వాక్యం మాత్రం తీసెయ్. తోడు ఇచ్చే మనిషికి తాను ఇస్తున్నానని తెలుసు. అక్కడ జరిగేది అది కాదు. ఒక కణం పగిలి లోపలిదంతా నీళ్లలో కలుస్తుంది, లేదా బతికుండగానే కొంత బయటికి కారుతుంది. పక్కనున్నది అందుకుంటుంది. ఇదే రాయి. బి12 అణువు కట్టడానికి సుమారు 30 మెట్లు కావాలి, నడిమధ్యన ఒక కోబాల్ట్ పరమాణువు ఉండాలి. తిండి కరువైన చోట బతికే జీవికి అది పెద్ద ఖర్చు. బయట దొరుకుతుంటే దాన్ని చేసే జన్యువులు పోయినా ప్రాణానికి ముప్పు లేదు, అందుకే తరాల మీద పోతాయి. మొక్కలూ జంతువులూ బి12 చేసుకోలేవు, కొన్ని బాక్టీరియా, ఆర్కియా (బాక్టీరియాలాగే కనిపించే వేరే జాతి సూక్ష్మజీవులు) మాత్రమే చేస్తాయి. మీథేన్ తయారీలో ఒక మెట్టు మాత్రం బి12 కుటుంబపు అణువు లేకుండా సాగదు. పాఠకుడికి ఈ ముడి అందితే చాలు, పోలిక అక్కర్లేదు.

దీనికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఏ సంగతైనా ఎలా తెలిసిందో కూడా రాయి. అమెరికాలో కొలరాడోలోని రైఫిల్ దగ్గర భూగర్భజలంలో దొరికిన అతి చిన్న బాక్టీరియాలకు విటమిన్లు చేసుకునే జన్యువులు చాలావరకు లేవు. అది డీఎన్ఏ చదివి చెప్పిన మాట, వాటిలో ఎక్కువ వాటిని ల్యాబ్‌లో పెంచలేదు. డీహాలోకొకోయిడిస్ సంగతి వేరు. డ్రై క్లీనింగ్ ద్రావకాలతో చెడిన భూగర్భజలంలో ఆ రసాయనాల నుంచి క్లోరిన్‌ను ఊడదీసే ఈ బాక్టీరియాకు బయటి నుంచి బి12 అందాల్సిందేనని పెంచి చూశారు. నువ్వు రెండింటికీ "రుజువైంది" అనేశావు. మొదటిదానికి "జన్యువులను బట్టి అనుకుంటున్నారు" అని మార్చు. వాక్యం బలహీనపడుతుందని టెన్షన్ పడకు. రేపు మీ ఊళ్లో ఏ సారో దాన్ని క్లాసులో చెప్తాడు, పిల్లల బుర్రలో చేరిన తప్పును తీయడం చాలా కష్టం.

"లోతున బతికేవన్నీ ఇలాగే" అనీ రాయకు. దక్షిణాఫ్రికాలో ఎంపొనెంగ్ బంగారు గనిలో, 2.8 కిలోమీటర్ల లోతు నీటిలో పక్కవాటి మీద ఆధారపడకుండా దాదాపు ఒంటరిగా బతికే బాక్టీరియా ఉందని 2008లో ప్రకటించారు.

ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు చూసి సంతోషించాను. కానీ ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం బి9. నీ వ్యాసం బి12 గురించి, అందుకని ఆ పేరా వేరే వ్యాసానికి దాచుకో.

ఆ ఖాళీలో జపాన్ సంగతి పెట్టు. 2012లో షిమోకిటా తీరం దగ్గర సముద్రగర్భాన్ని తవ్వి, దాని అడుగున సుమారు 2 కిలోమీటర్ల లోతులో బొగ్గు పొరల్లో సూక్ష్మజీవులను పట్టుకున్నారు. బొగ్గుతో మొదలైన నీ వ్యాసానికి అది సరిగ్గా అతుకుతుంది. దిద్ది వచ్చే ఆదివారంలోపు పంపు, పత్రికకు నేనే చెప్తాను.

మీ పెద్దనాన్న