నీ జాబితాలో సగం కొట్టేశాను

ఒరేయ్ అల్లుడూ,

మల్లి పురుటికని నువ్వు రాసి పంపిన సామాను జాబితా, దాంతో పాటు ఫొటో చూశాను. బల్ల నిండా సామాను పరిచి, పక్కన కడుపుతో ఉన్న నీ కుక్క మల్లిని కూచోబెట్టి మరీ తీశావు. దాని మొహం చూస్తే జాలేసింది. మా గౌరి మొదటిసారి ఈనినప్పుడు నేనూ ఇంతే, దొరికినవన్నీ కొని పోగేశాను. తొమ్మిది పురుళ్లు పోశాక ఇప్పుడు నా సంచీ చాలా చిన్నదైపోయింది. నీ జాబితా ముందేసుకునే ఇది రాస్తున్నాను. కొట్టేసినవి చూసి అలగకు, కలిపినవి కూడా ఉన్నాయి.

ముందుగా, క్యాలెండర్లో 63వ రోజు చుట్టూ నువ్వు గీసిన ఆ ఎర్ర గుండ్రం చెరిపెయ్. క్రాసింగ్ అయిన, అంటే మగకుక్కతో కలిసిన రోజుకీ, అండాలు విడుదలైన రోజుకీ పొంతన ఉండదు. క్రాసింగ్ నుంచి లెక్కేస్తే 58 నుంచి 68 లోపు ఎప్పుడైనా ఈనొచ్చు. అందుకని 50వ రోజుకల్లా అన్నీ సర్దేసుకుని కూచో. 55 దాటాక ఒక ఎక్స్‌రే తీయించు. అప్పటికి పిల్లల ఎముకలు గట్టిపడి తలకాయలూ వెన్నెముకలూ లెక్కపెట్టొచ్చు. ఎంతమంది ఉన్నారో తెలియకపోతే, అర్ధరాత్రి ఐదో పిల్ల తర్వాత మల్లి పడుకుంటే, అయిపోయిందో అలిసిపోయిందో నీకెలా తెలుస్తుంది? ఆ అంకె కాగితం మీద పెద్దగా రాసి గోడకి అంటించు. మల్లి పొడుగు మూతిది కాబట్టి ఇంట్లో పురుడంటే సరేనన్నాను. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కుదైతే ఈ ఉత్తరం రాయకుండా, సిజేరియన్ సంగతి మాట్లాడమని నిన్ను డాక్టరు దగ్గరికి తరిమేదాన్ని.

పెట్టె బాగానే చేయించావు. అది కాళ్లు బారచాపి పడుకుంటే సరిపోవాలి, ముందువైపు అడుగెత్తు గడప ఉండాలి, మిగతా మూడు వైపులా గోడ మోకాలెత్తు. కానీ లోపల కమ్మీ లేదు. గోడలకి నాలుగంగుళాల దూరంలో, నేల నుంచి నాలుగంగుళాల ఎత్తులో చుట్టూ ఒక కర్రో పైపో బిగించు. తల్లి గోడకానుకుని వాలినప్పుడు వీపు వెనకున్న పిల్లకి నలగకుండా అంత సందు మిగలాలి. నా రెండో పురుట్లో కమ్మీ లేదు. గౌరి నిద్రలో వెనక్కి జరిగింది, నేను కాఫీ పెట్టుకుని వచ్చేలోపు ఒకటి పోయింది. అది అరిచే ఉంటుంది, నాకు వినబడలేదు.

పెట్టెలో రంపపుపొట్టు వద్దు, ముక్కుల్లోకీ బొడ్డుకీ అంటుకుంటుంది. కింద వార్తాపత్రికలు మందంగా పరిచి, పైన జారని మందపాటి గుడ్డ వెయ్. పిల్లలు కాళ్లు నిలదొక్కుకుని పాకడానికి ఆ గరుకుదనం కావాలి. పెట్టెని ఇప్పుడే జనం తిరగని గదిలో పెట్టి మల్లిని అందులో పడుకోవడం అలవాటు చెయ్. ఆఖరి రోజు చూపిస్తే మొహం తిప్పేసుకుని నీ బీరువాలో బట్టల మీద ఈనుతుంది.

వేడి గురించి నీ జాబితాలో ఒక్క హాట్ వాటర్ బాటిలే ఉంది. అసలు సంగతంతా అక్కడే ఉందిరా. పుట్టిన పిల్లకి వణకడం కూడా రాదు. మొదటి రెండు వారాలు తన వేడి తను పుట్టించుకోలేదు. ఒళ్లు చల్లబడితే పాలు చీకదు, పట్టినా అరగదు. చీకని పిల్లని తల్లి పక్కకి నెట్టేస్తుంది. పిల్లలు పడుకునే మూల మొదటి వారం 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. ఆ తర్వాత వారానికింత తగ్గించుకుంటూ పో. గదంతా అంత వేడి చేస్తే తల్లి రొప్పుతూ లేచిపోతుంది. అందుకే హీటింగ్ ప్యాడ్ పెట్టెలో సగానికే, గుడ్డ కింద వెయ్, తీగ తల్లి పళ్లకి అందకుండా బయటికి లాగు. వేడెక్కువైతే పిల్ల పాకి పక్కకి పోవడానికి రెండో సగం చల్లగా ఉండాలి. దీపం వేలాడదీస్తానంటే గట్టి గొలుసుతో కట్టు, కింద పడితే పేపర్లు అంటుకుంటాయి. గది థర్మామీటర్ గోడకి కాదు, పిల్లలుండే చోట నేల మీద పెట్టు.

బాటిల్ దాచుకో, కరెంటు పోతే పనికొస్తుంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఒక రాత్రి పదింటికి వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పెట్టి నేను నిద్రపోయాను. మూడింటికి లేచి చూస్తే అది చల్లటి ముద్ద, దానికి కరుచుకుని ఒక ఆడపిల్ల. చల్లారిన బాటిల్ పిల్ల ఒంట్లో వేడినే లాగేస్తుంది. దాన్ని నా జాకెట్లో ఛాతీకి ఆనించుకుని రెండు గంటలు కూచున్నాను. మెల్లగా కదిలింది, తర్వాతే చన్ను పట్టించాను. చల్లబడ్డ పిల్లకి ముందు వేడి, తర్వాతే పాలు. బాటిల్ పెడితే గంటకోసారి అలారం కూడా పెట్టుకో.

వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతారు. ఒకదాని మీదొకటి గుట్టగా ఎక్కితే చలి. తలోమూలకి పోయి కీచుమంటుంటే ఉక్క. పక్కపక్కన వరసగా పడుకుని నిద్రలో కాళ్లు టపటపా కొట్టుకుంటుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఇక ఆ రాత్రికి చేతికందేలా ఉండాల్సినవి. నువ్వు తువాళ్లు ఆరు రాశావు, పాతవి ఇంకో ఇరవై వెతుకు. ప్రతి పిల్లకీ రెండో మూడో పోతాయి. వాసన లేని డెంటల్ ఫ్లాస్, మొన గుండ్రంగా ఉన్న కత్తెర, పోవిడోన్ అయోడిన్, చిన్నపిల్లల ముక్కు పీల్చే రబ్బరు బల్బు, చెత్త సంచులు, టార్చి, గ్రాముల్లో తూచే వంటింటి కాటా, రంగురంగుల ఊలు ముక్కలు, పుస్తకం, పెన్ను. గ్లవ్స్ ఉంటే మంచిదే, లేకపోతే గోళ్లు తీసుకుని చేతులు సబ్బుతో రుద్దుకో.

వీటిలో సగం మల్లి నీకు అవసరం రానివ్వదు. పొర చింపడం, బొడ్డు కొరకడం, నాకి ఊపిరి తెప్పించడం దానికే తెలుసు. తోక ముందొచ్చినా కంగారు పడకు, కుక్కల్లో అది మామూలే. పిల్ల బయటపడి ఒకటి రెండు నిమిషాలైనా అది పొర చింపకపోతే అప్పుడు నువ్వు చెయ్యి పెట్టు. ముక్కు దగ్గర పొర చించి, తల కిందికి వాల్చి బల్బుతో నోరూ ముక్కూ పీల్చు. తువాలుతో వెన్ను మీద గట్టిగా రుద్దు, ఇంత గట్టిగానా అనిపించేలా రుద్దు. కీచుమనేదాకా ఆపకు. పిల్లని చేతుల్లో పట్టుకుని పైనుంచి కిందికి విసరమని ఎవరైనా చెబితే వినకు. వెనకటికి నేనూ అలాగే చేసేదాన్ని, మెదడు దెబ్బతింటుందని డాక్టరు తిడితే మానేశాను. బొడ్డు తాడు పొట్ట నుంచి అంగుళం వదిలి ఫ్లాస్‌తో కట్టి, ముడికి అవతల కత్తిరించి, కొసని అయోడిన్‌లో ముంచు. తాడుని పొట్ట నుంచి లాగకు. మావి పిల్లకొకటి చొప్పున రావాలి, పుస్తకంలో గీత పెట్టు. ఒకటీ రెండూ అది తినేస్తుంది, తిననీ.

ప్రతి పిల్లకీ మెడకి ఒక రంగు ఊలు వదులుగా కట్టి, పుట్టిన టైమూ బరువూ రాయి. నోరు తెరిచి అంగిలి చీలిందేమో చూడు. ముర్రుపాలు మొదటి పన్నెండు గంటల్లోనే తాగించాలి, రోజు దాటితే ఆ రక్షణ పేగుల్లోంచి ఒంటికి పట్టదు.

ఇప్పుడు కొట్టేసినవి. నొప్పులు తెప్పించే ఆ ఇంజెక్షన్ ఇంట్లో ఎందుకురా? పిల్ల అడ్డం తిరిగి ఇరుక్కున్నప్పుడు అది వేస్తే గర్భసంచి చిరుగుతుంది. అది డాక్టరు చేతిలో ఉండాల్సింది. కాల్షియం మాత్రలు కూడా ఇప్పుడే ఆపెయ్. కడుపుతో ఉన్నప్పుడు పై నుంచి పోస్తే ఒళ్లు తన ఎముకల్లోంచి తీసుకునే పని మరిచిపోతుంది, పాలిచ్చేటప్పుడు దబ్బున పడిపోతుంది. మంచి కుక్కపిల్లల మేత పెడితే చాలు. ఘాటు ఫినాయిల్ ఆ గదిలోకి రానివ్వకు. ఆవుపాల డబ్బా తీసెయ్, కుక్కపాలలో ఉండే మాంసకృత్తులూ కొవ్వూ అందులో సగం కూడా ఉండవు. కుక్కపిల్లల పాలపొడి డబ్బా ఒకటి కొను, అవసరం పడేదాకా సీలు తియ్యకు.

థర్మామీటర్ మాత్రం నీకు దండం, మంచిది కొన్నావు. చివరికి కాస్త వ్యాజిలిన్ రాసి, ఈ ఆఖరి పది రోజులూ పొద్దునా సాయంత్రమూ మలద్వారంలో చూసి రాసుకో. మామూలుగా 101, 102 దగ్గర ఉంటుంది. 99 కిందికి దిగిందంటే ఒక రోజు లోపు నొప్పులు మొదలవుతాయి. అన్నం మానేస్తుంది, రొప్పుతుంది, గుడ్డలు చింపి గోకుతుంది. ఇది పన్నెండు గంటలు సాగినా భయం లేదు.

భయపడాల్సినవి వేరు. వీటిని ఆ అంకె కిందే గోడ మీద రాయి. మల్లి ఒంటి వేడి 99 కిందికి దిగి ఒక రోజు గడిచినా నొప్పులు లేవు. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాలేదు. లోపల ఇంకా పిల్లలుండగానే, ముందు పిల్ల పుట్టి రెండు గంటలు దాటింది. ఒక్క పిల్లయినా పుట్టకముందే ముదురాకుపచ్చ ద్రవం పోయింది, అంటే మావి ఊడిపోతోందన్నమాట. మొదటిది పుట్టాక అదే రంగు కనబడితే మాత్రం మామూలే. ఈ నాలుగింటిలో ఏది జరిగినా నన్ను అడగొద్దు, డాక్టరుకే ఫోన్ చెయ్. రాత్రి తలుపు తీసే ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కో. పట్టపగలు ఒకసారి వెళ్లి దారి చూసి రా. బండిలో పెట్రోలు, పిల్లల్ని వేసుకెళ్లడానికి మూతున్న బుట్ట, అందులో తువాలు. నీ జాబితాలో ఇవేవీ లేవు.

తర్వాత రోజూ ఒకే వేళకి తూచు. మొదటి రోజు కాస్త తగ్గినా, ఆ తర్వాత రోజూ పెరగాలి, పది రోజులు అటూ ఇటూగా పుట్టిన బరువుకి రెట్టింపు కావాలి. ఎవరైనా పెరగలేదంటే చూడటానికి బాగానే ఉన్నా నమ్మకు, కాటానే నమ్ము. మొదటి నెలలో మల్లి కాళ్లు బిగదీసుకుని వణికితే, పిల్లల్ని వెంటనే వేరు చేసి ఆస్పత్రికి పరుగెత్తు. అది కాల్షియం పడిపోవడం, గంటల్లో ప్రాణం తీస్తుంది.

ఆదివారం ఫోన్ చేస్తాను. అప్పటికి ఆ కమ్మీ బిగించి ఫొటో పంపు. ఈసారి మల్లిని సామాను పక్కన కాదు, పెట్టెలో కూచోబెట్టి తియ్యి.

నీ అత్త