ఎక్కడికి బయల్దేరినావు?

తమ్ముడూ, నీ సందేహం చదివాను. గుణుపురం నుంచి న్యూజెర్సీ వచ్చి ఏడాది దాటింది, ఎనిమిది కిలోలు పెరిగాను, టైం దొరకట్లేదు, చలికి బయటికి పోలేను, అపార్ట్‌మెంట్ జిమ్‌లోకి వెళ్ళాలంటే సిగ్గు, ఆదివారం మనవాళ్ళు వాలీబాల్‌కి పిలుస్తారు గానీ వెళ్ళను అన్నావు. నేను సెలవుకి వచ్చి పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఊరి కబుర్లు కలిస్తే ఏమనుకోకు.

నిన్న పొద్దున్న ఆరింటికి బూట్లు కట్టుకుని గుమ్మం దిగాను. ఎదురింటి పిన్ని ముగ్గు వేస్తూ తలెత్తి, "ఎక్కడికి బయల్దేరినావు?" అంది.

"ఎక్కడికీ లేదు పిన్నీ, ఊరికే నడుద్దామని."

"ఊరికేనా?" అని చిటికెలో ముగ్గుపిండి అలాగే పట్టుకుని ఉండిపోయింది. నాలుగిళ్ళు దాటేలోగా ఇంకో ఇద్దరు అదే అడిగారు. మూడో ఆయనకి "పాల పేకెట్‌కండి" అని అబద్ధమాడేశాను. పందొమ్మిదేళ్ళు అమెరికాలో ఉన్నవాణ్ణి, తిరిగొస్తూ నిజంగానే పాల పేకెట్ కొనుక్కొచ్చాను.

నీ జబ్బూ ఇదే. మనకి పని లేకుండా నడవడం రాదు. చిన్నప్పుడు పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి నడిచే వెళ్ళేవాళ్ళం, అంటే ఒడిశాలోంచి ఆంధ్రలోకి. దాన్ని ఎవరూ వ్యాయామం అనలేదు. వ్యాయామమంటే మా తాత చెప్పిన కోడి రామమూర్తి గారిదే. మన పక్క వీరఘట్టంలో పుట్టి, ఒంటికి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగించి తెంపిన మనిషి. ఆయన పక్కన మన బొజ్జని నిలబెట్టి చూసుకుంటే ఇంక ఏం మొదలెడతాం? అమెరికా వెళ్ళాక పాలకీ కారే, గుడికీ కారే. పని మీద నడకలు పోయాయి, ఊరికే నడవాలంటే సిగ్గు మాత్రం మిగిలింది.

టైం లేదన్న మాట నేను నమ్మను. ఆరేళ్ళు నేనూ అదే చెప్పాను. చివరికి ఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష, 6.1 వచ్చింది. 5.7 నుంచి మధుమేహానికి ముందు మెట్టు, 6.5 అయితే మధుమేహమే. నా బరువు మరీ ఎక్కువేం కాదు కదా అంటే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. మనలాంటి దక్షిణాసియా వాళ్ళు బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 25 దాకా ఆగకూడదట, 23 నుంచే జాగ్రత్త పడాలట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండలకి పని. ఇదివరకు విడతకి పది నిమిషాలకి తగ్గకూడదనేవారు, 2020లో ఆ షరతు తీసేశారు. కాబట్టి స్టేషన్లో మెట్లెక్కినా లెక్కే. రాత్రి కంచం నిండా అన్నం తిన్నాక పది నిమిషాలు నడిస్తే కాళ్ళ కండలు రక్తంలో చక్కెరని వాడేసుకుంటాయి. పప్పన్నం మానలేనివాళ్ళకి ఇంతకన్నా చవక మందు నాకు తెలీదు.

ఇక ఆ నడకకి ఒక పని తగిలించు. నేను తగిలించింది అమ్మకి ఫోన్. చలికాలంలో అక్కడ రాత్రి ఎనిమిదైతే ఇక్కడ పొద్దున్న ఆరున్నర, అమ్మ టీ పెట్టుకునే వేళ. కూర్చుని మాట్లాడను, నడుస్తూనే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, సరైన వేగానికి గుర్తు అది. నాకు మీటరు అమ్మే. "ఏట్రా ఆ ఆయాసం, మెట్లెక్కుతున్నావేటి?" అందంటే సరిపోయినట్టు. ఏమీ అనకపోతే అడుగు పెంచుతాను. ఆవిడ ఒక పట్టాన ఫోన్ పెట్టదు కాబట్టి నలభై నిమిషాలు ఎలాగూ గడుస్తాయి.

చలికి ఒక్క లావు కోటు కన్నా మూడు పల్చటి పొరలు నయం. లోపలిది నూలుది వద్దు, చెమట పట్టి వణికిస్తుంది. చెవులు కప్పుకో. రోడ్డు మీద మంచు గడ్డకట్టిన రోజు మాత్రం మాల్‌లో తిరుగు.

జిమ్ సంగతా? మొదటి రోజు ట్రెడ్‌మిల్ ఎక్కి, చొక్కాకి పెట్టుకోవాల్సిన క్లిప్పు సంగతి తెలీక, వేగం బటన్ నొక్కుకుంటూ పోయి మోకాలు గీరుకున్నాను. పక్కన డెబ్భై దాటిన ఒకావిడ తన మెషిన్ ఆపి వచ్చింది, క్లిప్పు ఎక్కడ పెట్టాలో చూపించింది, మళ్ళీ పోయి తన నడక తను నడుచుకుంది. నవ్వలేదు. నవ్విందనే అనుకుని మూడు వారాలు అటు వెళ్ళలేదు నేను. ఆ జిమ్ ఖర్చు మన అద్దెలోనే పోతోందని కూడా మర్చిపోయాను!

వాలీబాల్‌కి ఎందుకు వెళ్ళవో చివర్లో ఒక్క ముక్క రాశావు, "నా తెలుగుకి నవ్వుతారన్నా" అని. అసలు సంగతి అదీ! చలి, టైం అన్నీ దాని ముందు కట్టిన తెరలు. ఒడియా మీడియంలో చదివి, ఇంట్లో "ఏటి" అనే నన్ను చూసి కూడా నవ్వారు. నువ్వు ఒడియావాడివా తెలుగువాడివా అని అడిగారు. మొదట్లో కోపం వచ్చేది. గిడుగు రామమూర్తి గారు బళ్ళో పాఠాలు చెబుతూ వాడుక మాట కోసం పోట్లాడిన ఊరు మాది, మేమే సిగ్గుపడితే ఎలా? అయినా వాలీబాల్లో కావలసిన మాటలు రెండే, "నాది", "నీది". ఈ ఆదివారం వెళ్ళు. కొత్తలో సర్వీసు నెట్‌కే తగుల్తుంది, నాకూ తగిలింది.

అమ్మ టిఫిన్‌కి పిలుస్తోంది. రేపు పిన్ని మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఇంట్లో ఇప్పటికే మూడు పాల పేకెట్లున్నాయి.