‘పి’తో మొదలయ్యే పెద్ద మాటలు ఒంటబట్టాలంటే

చిట్టితల్లీ,

ఇంగ్లిష్‌లో ‘పి’ అక్షరంతో మొదలయ్యే మాటలని నువ్వు రాసి పంపిన పట్టిక మొత్తం చదివాను. బాగా శ్రమపడ్డావు. అర్థాలు కూడా చాలావరకు సరిగ్గానే రాశావు. కానీ రెండు రోజులు తిరక్కుండానే అన్నీ కలగాపులగం అయిపోతున్నాయని, టెన్షన్‌గా ఉందని రాశావే, దానికి నీ జ్ఞాపకశక్తిని తిట్టుకోకు. పట్టిక పేర్చిన పద్ధతి అలాంటిది. అక్షరక్రమం డిక్షనరీలో మాట వెతుక్కోవడానికి బాగుంటుంది. నేర్చుకునేటప్పుడు మాత్రం అడ్డం వస్తుంది. ఒకే అక్షరంతో మొదలై, చూడ్డానికి ఒకేలా ఉన్న మాటల్ని పక్కపక్కన పెట్టుకుని బట్టీ పడితే ఎవరికైనా తికమకే.

తెలుగులో పొడవాటి సమాసం ఎదురైతే ఏం చేస్తావు? విగ్రహవాక్యం చెప్పుకుంటావు. ఇక్కడా అదే చెయ్యి. ‘ఫొటోసింథసిస్’లో 14 అక్షరాలు. ‘ఫొటో’ అంటే గ్రీకులో వెలుగుకి సంబంధించినది, ‘సింథసిస్’ అంటే కలిపి కూర్చడం. సైన్సు పుస్తకంలో ‘కిరణజన్య సంయోగక్రియ’ అని చదువుకున్నావు కదా, దాన్ని విడదీసినా ఇవే వస్తాయి. ‘పెరిమీటర్’లో ‘పెరి’ చుట్టూ, ‘మీటర్’ కొలత. మన చుట్టుకొలతే అది. ‘పర్పెండిక్యులర్’ నాకు మరీ ఇష్టం. గోడ నిలువుగా లేస్తోందో లేదో చూడటానికి మేస్త్రీ దారానికి గుండు కట్టి వదులుతాడే, దాని లాటిన్ పేరు నుంచి వచ్చిందా మాట. ‘పెండ్’ అంటే వేలాడటం. లెక్కల్లో మనం లంబం అంటాం. సంస్కృతంలో ‘లంబ’ అన్నా వేలాడేదే, లంబోదరుడి పేరులో ఉన్నదీ అదే. ఇంత తెలిశాక ఆ మాట మరిచిపొమ్మన్నా మరిచిపోలేవు.

అందుకని నోట్‌బుక్ మళ్లీ పేర్చుకో. మొదటి అక్షరాన్ని పక్కన పెట్టి, మొదటి ముక్కని బట్టి గుంపులు కట్టు. ‘ఫిల్’ అంటే ప్రేమ. ఫిలాసఫీ జ్ఞానం మీద ప్రేమ. ఫిలాంత్రొపిస్ట్ మనుషుల మీద ప్రేమ ఉన్నవాడు, అంటే తన సొమ్మూ సమయమూ పరుల మేలు కోసం పెట్టేవాడు. ‘పాలీ’ అంటే అనేకం. పాలీగాన్, పాలీటెక్నిక్, పాలీసిలబిక్ అందులోకి వస్తాయి. ‘సైకో’ మనసు, ‘న్యూమో’ ఊపిరితిత్తి, ‘సూడో’ ఉత్తుత్తిది. సైకియాట్రిస్ట్, న్యూమోనియా, సూడోనిమ్ ఈ మూడింట్లోనూ ‘పి’ పలకదు. పలకదు కదా అని రాయడంలో వదిలేయకు. నీ పట్టికలో స్పెల్లింగ్ తప్పులు ఎక్కువగా దొర్లింది ఇక్కడే.

పట్టికలో అన్నిటికన్నా పైన 45 అక్షరాల మాట పెట్టి కింద గీత కూడా గీశావు. న్యూమోనో, అల్ట్రా, మైక్రోస్కోపిక్, సిలికో, వోల్కనో, కోనియోసిస్ అని విడదీసుకో. అగ్నిపర్వతాల నుంచి వచ్చే అతిసన్నని సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని దానంతట అదే చెప్పేస్తుంది. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడవు కోసమే కూర్చిన మాట అది. డాక్టర్లు సిలికోసిస్ అంటారు, అంతే. సరదాగా నేర్చుకో, కానీ దాని మీద ఎక్కువ టైమ్ పెట్టకు.

దాని కింద ఉన్న 30 అక్షరాల మాట సంగతి వేరు. సూడో సూడో హైపో పారా థైరాయిడిజం. ఇది వైద్యంలో నిజంగా ఉన్న పేరు. వెనక నుంచి చదువు. థైరాయిడ్ పక్కన ఉండే చిన్న గ్రంథులు పారాథైరాయిడ్లు. ‘హైపో’ అంటే తక్కువ. వాటి హార్మోను తగ్గితే రక్తంలో కాల్షియం పడిపోతుంది. హార్మోను ఉండి కూడా శరీరం దానికి స్పందించక అదే పరిస్థితి వస్తే ముందు ఒక ‘సూడో’ చేరుతుంది. అలాంటి రోగుల్లో కనిపించే పొట్టి శరీరం, గుండ్రటి ముఖం ఉండి, కాల్షియం మాత్రం మామూలుగా ఉంటే రెండో ‘సూడో’. 1952లో ఫుల్లర్ ఆల్‌బ్రైట్ అనే వైద్యుడి బృందం దీన్ని వర్ణించింది. ఒక్కో ముక్కా ఒక్కో పని చేస్తోంది చూడు. ఇలాంటి మాట దగ్గర ఎంతసేపు కూర్చున్నా దండగ కాదు.

అన్నీ ఇంత ముద్దుగా విడిపోవు. పారాథైరాయిడ్‌లోని ‘పారా’ అంటే గ్రీకులో పక్కన కదా అని ప్యారాచూట్‌కి కూడా అదే అంటించకు. అక్కడి ‘పారా’ కాచుకోవడం అనే అర్థం ఉన్న వేరే మాట నుంచి వచ్చింది. ‘చూట్’ ఫ్రెంచిలో పడటం. అనుమానం వచ్చినప్పుడు మంచి డిక్షనరీలో మాట పుట్టుక కూడా ఇస్తారు, అది చూడు.

కవలల్లా ఉండే మాటలతో మరీ జాగ్రత్త. ప్రిస్క్రిప్షన్, ప్రోస్క్రిప్షన్ రెండూ ఒకే వరసలో రాసుకున్నావు. ఒకటి ఫలానాది చెయ్యమని రాసివ్వడం, రెండోది నిషేధించడం. క్రీ.పూ. 82లో రోమ్‌లో సుల్లా అనే సేనాని తన శత్రువుల పేర్లు రాయించి నలుగురూ చూసేలా పెట్టించాడు. ఆ జాబితాకెక్కిన మనిషిని ఎవరైనా చంపొచ్చు, చంపినవాడికి బహుమానం కూడా. ప్రోస్క్రిప్షన్ అంటే అప్పట్లో అదీ. ప్రాసిక్యూషన్, పర్సిక్యూషన్ కూడా ఇలాంటి జతే. మొదటిది కోర్టులో నేరం మోపి కేసు నడపడం, రెండోది వేధించడం. ఇలాంటి జంటల్ని ఒకే రోజు నేర్చుకోకు. ఒకటి బాగా అలవాటయ్యాకే రెండోదాని జోలికి వెళ్లు.

ఇంకో మాట. పోస్ట్‌పోన్‌మెంట్‌కీ ప్రొక్రాస్టినేషన్‌కీ ‘వాయిదా వేయడం’ అని ఒకటే అర్థం రాశావు. వాన పడి మ్యాచ్ ఆగితే మొదటిది. రేపే పరీక్ష అని తెలిసీ పుస్తకం మూసి ఫోన్ తీస్తే రెండోది. ఆ మాటలో ‘క్రాస్’ అంటే లాటిన్‌లో రేపు. ఒక్క ముక్కలో అర్థం రాసుకుంటే ఈ తేడా జారిపోతుంది. అందుకే ప్రతి మాటకీ నీ సొంత వాక్యం ఒకటి రాయి, గైడ్‌లోంచి ఎత్తి రాసింది వద్దు.

రాసినవి పైకి చదువు కూడా. ఫొటోగ్రాఫ్‌లో ఊత మొదటి భాగం మీద పడుతుంది, ఫొటోగ్రఫీలో ‘టో’ దగ్గర, ఫొటోగ్రాఫిక్‌లో ‘గ్రా’ దగ్గర. ఇది కంటితో చదివితే తెలియదు.

‘ఎస్’ మాటలు మొదలుపెట్టకముందే ఈ పట్టికని ముక్కల వారీగా తిరగరాసి పంపు. రోజుకి ఐదారు మాటలు చాలు. నీ వాక్యాల్లో ఎక్కడ డౌట్ ఉంటే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టు, ముందు అవే చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న