మొదటిసారి అమెరికా వెళ్తున్న అమ్మానాన్నలకు ఎన్ని పెట్టెలు, ఎలా సర్దాలి?

మీ అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా మొదటిసారి డాలస్ వస్తున్నారు, టికెట్ మీద ఇద్దరికీ కలిపి నాలుగు పెట్టెలు రాసి ఉన్నాయి కాబట్టి నాలుగూ నింపెయ్యాలా, దారిలో కంగారు పడకుండా ఏది ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగారు. నేనూ మా వారూ డాలస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి ఇదే దారిలో వెళ్తూ వస్తూ ఉంటాం. ఇద్దరం అరవై దాటినవాళ్ళమే, ఆయనకి షుగరు, నాకు మోకాళ్ళ నొప్పులు. అందుకని మాలాంటి వాళ్ళకి ఏది పనికొస్తుందో అదే చెబుతాను.

నాలుగు పెట్టెలు వద్దండి. మనిషికి ఒక పెట్టె, భుజానికి ఒక బ్యాగు. మరీ తప్పదనుకుంటే ఇద్దరికీ కలిపి మూడో పెట్టె, అంతే. 23 కిలోలవి రెండేసి తీసుకెళ్ళొచ్చు అన్నది విమానం వాళ్ళ లెక్క (ఈమధ్య ఒక్క పెట్టే ఇచ్చే టికెట్లు కూడా వస్తున్నాయి, ముందు మీ టికెట్ సరిగ్గా చూడండి). డాలస్‌లో దిగాక బెల్టు మీద తిరుగుతున్న పెట్టెని పట్టుకుని కిందికి లాగాల్సింది మాత్రం మీ నాన్నగారు. పదహారు గంటలు కదలకుండా కూర్చుని, కాళ్ళు వాచి, ఇమిగ్రేషన్ లైనులో నిలబడి వచ్చాక నాలుగు పెట్టెలు వెతికి లాగడం ఆ వయసులో మామూలు విషయం కాదు. వీల్‌చెయిర్ పెట్టుకుంటే తోసే మనిషి సాయం చేస్తారు, నిజమే, కానీ ఆ మనిషికీ రెండు చేతులే కదా. వీల్‌చెయిర్ మాత్రం మొహమాటపడకుండా టికెట్‌లోనే అడిగి పెట్టించండి, నడవగలిగినా సరే. దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకి చాలా దూరం.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. పెట్టెలు వాళ్ళే సర్దుకోవాలి. మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందంటే, ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మేనమామ, పిన్ని, పక్కింటి అబ్బాయి అందరూ వచ్చేస్తారు, ఒకరు కాటా వేస్తుంటే ఇంకొకరు తీసి ఇందులోంచి అందులోకి మారుస్తుంటారు, అర్ధరాత్రి అయ్యేసరికి బరువు సరిపోతుంది కానీ ఏ వస్తువు ఎందులో ఉందో ఇంటావిడకి తెలియదు. రేపు కౌంటర్ దగ్గర “ఇందులో ఏమున్నాయి, మీరే సర్దుకున్నారా” అని అడిగితే ఆవిడ మొహం తెల్లబోతుంది. వారం ముందే పెట్టె తెరిచి మంచం పక్కన పెట్టి, మీ అమ్మగారు తన చేత్తో ఒక్కొక్కటీ పెట్టుకుంటూ, పెట్టింది పెట్టినట్టు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుంటూ పోతే టెన్షన్ సగం తగ్గిపోతుంది. నేనైతే ఆ కాగితం ఫోటో తీసి మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపిస్తాను, పెట్టె దారిలో ఎక్కడైనా తప్పిపోతే కంప్లైంట్ ఇచ్చేటప్పుడు ఏమేం ఉన్నాయో చెప్పడానికి కూడా అదే పనికొస్తుంది.

ఊళ్ళోవాళ్ళ పార్సిళ్ళ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. అమెరికా వెళ్తున్నారని తెలిస్తే చాలు, “మా వాడు మీకు దగ్గరే వదినా, అట్లాంటాలో ఉంటాడు, చిన్న డబ్బా” అని వస్తారు. డాలస్‌కీ అట్లాంటాకీ విమానంలోనే రెండు గంటలు. ప్రేమగా ఇచ్చేదాన్ని కాదనడం మన పెద్దవాళ్ళకి చాలా కష్టం, అందుకని ఆ మాట మీ మీద వేసుకోండి, “మా అమ్మాయి ఎవరివీ తేవద్దంది” అని చెప్పమనండి. సీలు వేసిన డబ్బాలో ఏముందో చూడకుండా ఎంత దగ్గరివాళ్ళిచ్చినా తీసుకోకూడదు. పట్టుకున్నప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది పెట్టె ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే.

బట్టల విషయానికొస్తే, మీ ఇంట్లో వాషింగ్ మెషీన్, డ్రయ్యర్ ఉన్నాయి కదా, వాళ్ళు ఆరు నెలలు ఉన్నా పదిరోజులకి సరిపడా బట్టలు చాలు. ఇంట్లో కట్టుకోవడానికి నాలుగైదు సింథటిక్ చీరలు, నైటీలు, అలవాటుంటే ఒకటి రెండు పంజాబీ డ్రెస్సులు, బయటికి రెండు మంచి చీరలు. పట్టుచీర ఒక్కటి చాలు, అదీ అక్కడ ఏదైనా శుభకార్యం ఉంటేనే. లంగాలు చీరకొకటి అక్కర్లేదు, గోధుమరంగుది, నల్లది, మెరూనుది ఉంటే అన్నిటికీ సరిపోతాయి. నేను చీర మడతలో దాని జాకెట్టు పెట్టి, రెండూ ఒకే జిప్ కవర్లో పెట్టి, మోచేత్తో గాలి నొక్కేసి మూస్తాను. ఆ కవర్లని ఒకదాని మీద ఒకటి కాకుండా అరలో పుస్తకాల్లా నిలువుగా పేర్చుకుంటే పైనుంచి చూడగానే ఏ చీర ఎక్కడుందో తెలుస్తుంది, ఒకటి లాగినా మిగతావి చెదరవు. నూలు చీరలు డ్రయ్యర్‌లో వేస్తే ముడుచుకుపోతాయి, ఆ మాట ముందే చెప్పండి. దళసరి కోట్లు హైదరాబాద్‌లో కొనొద్దు, మీ దగ్గర ఉన్నవి చాలు. షూస్ వేసుకునే విమానం ఎక్కాలి.

తిండి దగ్గరే మన పెట్టెలు బరువెక్కేది. డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లోనో ఫ్రిస్కోలోనో ఇండియన్ స్టోర్‌కి వెళితే సోనా మసూరి, కందిపప్పు, ఇడ్లీ రవ్వ, చింతపండు, బెల్లం, గోంగూరతో సహా అన్నీ దొరుకుతాయి. కాబట్టి దొరకనిదే తేవాలి, అంటే మీ అమ్మగారి చేతి ఆవకాయ, మాగాయ, కందిపొడి, కారప్పొడి, సున్నుండలు, మీకు ఇష్టమైనది ఇంకేదైనా ఒకటి. మా ఇంట్లో తిండి మొత్తం కలిపి అయిదారు కిలోలు దాటనివ్వను. పచ్చడి గాజుసీసాల్లో వద్దు. చాలా పచ్చళ్ళ షాపుల్లో అమెరికా ప్యాకింగ్ అని అడిగితే దళసరి కవర్లో పోసి, సీలు వేసి, దాని మీద ఇంకో కవరు వేసి ఇస్తారు, కొందరు డబ్బులు తీసుకుని ఇంట్లో పెట్టిన పచ్చడి కూడా సీలు చేసిస్తారు. ఆ ప్యాకెట్లు పెద్ద పెట్టెలోనే పెట్టాలి, చేతిబ్యాగులో పెడితే పచ్చడిని కూడా ద్రవంగానే లెక్కేసి 100 మిల్లీలీటర్లు దాటిందని తీసి పక్కన పడేస్తారు.

తేకూడనివి మాత్రం మీ అమ్మగారికి ఒక్కొక్కటీ కారణంతో సహా చెప్పండి, కారణం తెలియకపోతే “ఏమవుతుందిలే” అని ఏ చీర మడతలోనో పెడతారు. ఎండుకొబ్బరి చిప్పలు ఏ బ్యాగులోనూ వద్దు, వాటిలో నూనె ఎక్కువ, వేడికి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉందని విమానాల్లో రానివ్వరు. పూజ సామానులో హారతి కర్పూరం, అగ్గిపెట్టె కూడా అంతే. గసగసాలు అసలే వద్దు, మన వంటింట్లో అది మామూలు దినుసు కానీ దుబాయ్‌లో నిషేధం. మసాలాపొడి ఇంట్లో కొట్టినదైతే అందులో గసగసాలు పడ్డాయేమో చూసుకోవాలి. పచ్చి కరివేపాకు అమెరికా వాళ్ళు రానివ్వరు, నిమ్మ, నారింజ తోటలని నాశనం చేసే తెగులు తెచ్చే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. బియ్యం కూడా పురుగు భయంతోనే వద్దంటారు. పళ్ళు, నాటుకునే విత్తనాలు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ఇవేవీ వద్దు. పెరట్లో వెయ్యడానికి చిక్కుడు గింజలు కొంగున కట్టుకొచ్చే అమ్మలు నాకు బాగా తెలుసు, దయచేసి ఆ ఒక్కటీ గట్టిగా చెప్పండి.

తెచ్చుకున్న తిండి అంతా ఒకే పెట్టెలో, ఒకేచోట ఉండాలి. ఇంకా ప్రతి ప్యాకెట్ మీదా అందులో ఏముందో ఇంగ్లీషులో రాసి అంటించాలి. డాలస్‌లో ఒకసారి కస్టమ్స్ తనిఖీకి మమ్మల్ని పక్క బల్ల దగ్గరికి పంపారు. గ్లవ్స్ వేసుకున్న ఆఫీసరమ్మ ఫుడ్ ఉందా అని అడిగితే, ఉందని చెప్పి, ఏ పెట్టెలో ఉందో చూపించాను. ఆవిడ జిప్పు తీసి కందిపొడి ప్యాకెట్ పైకెత్తి, దాని మీద మా అమ్మాయి చెప్పగా నేను రాసిన “రోస్టెడ్ లెంటిల్ పౌడర్” అన్న చీటీ చదివి, పక్కన ఆవకాయ చూసి “మ్యాంగో పికిల్?” అని తనే అడిగి, మూసేసి వెళ్ళమంది. రెండో పెట్టె తెరవనే లేదు. మా పక్క బల్ల మీద ఒక పెద్దాయన నాలుగు పెట్టెల్లోనూ అక్కడక్కడా ప్యాకెట్లు కుక్కుకొచ్చారు, ఆ నాలుగూ తెరిచి చీరలతో సహా బయట పెట్టించారు, ఆయన చెమటలు తుడుచుకుంటుంటే చూడలేకపోయాను. తిండి ఉందా అని అడిగితే భయపడి లేదనడం అన్నిటికన్నా ప్రమాదం. ఉందని చెబితే మహా అయితే ఒక వస్తువు తీసేస్తారు, దాస్తే జరిమానా వెయ్యొచ్చు.

మిక్సీ తెమ్మని మాత్రం అనకండి. మనది 230 వోల్టుల కరెంటు, అక్కడ 120, మన మిక్సీ అక్కడ సరిగ్గా పనిచెయ్యదు. ఫోన్ ఛార్జర్లకి ఆ బాధ లేదు, పిన్ను మార్చుకునే అడాప్టర్ ఒకటుంటే చాలు. పవర్ బ్యాంక్ ఉంటే చేతిబ్యాగులోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెడితే పెట్టె ఆపేస్తారు.

మందులు మాత్రం పెద్ద పెట్టెలో పెట్టనే పెట్టొద్దు. అన్నీ కొన్న స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో కలిపి చేతిబ్యాగులో ఉండాలి, ఇన్సులిన్ అయితే మరీను, కింద సామాను గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. వారం డబ్బాల్లోకి విడదీసుకోవడం ఇల్లు చేరాక చేసుకోవచ్చు. చీటీ మీద బ్రాండు పేరు పక్కన అసలు మందు పేరు కూడా రాయించండి. బీపీ మాత్ర టెల్మా అంటే అక్కడి డాక్టరుకి తెలియకపోవచ్చు, టెల్మిసార్టాన్ అంటే తెలుస్తుంది. పారాసెటమాల్‌ని అక్కడ అసిటమినోఫెన్ అంటారు. మామూలుగా తొంభై రోజులకి మించి మందులు తేవొద్దని అక్కడి నియమం, అంతకన్నా ఎక్కువ ఉంటామనుకుంటే మిగతావి ఎలా తెప్పించుకోవాలో ఇప్పుడే డాక్టరుతో మాట్లాడి లెటర్ తీసుకోండి. నొప్పులకని ట్రామడాల్ లాంటి మాత్రలు వాడుతుంటే అవి దుబాయ్‌లో ఆంక్షలున్న మందులు, డాక్టరుని అడిగి వేరేవి రాయించుకోవడం మంచిది.

ఇక భుజం బ్యాగు. ఇది ఇద్దరికీ వేరువేరుగా ఉండాలి, ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరి దగ్గర ఉండకూడదు, ఎందుకంటే లైన్లలో ఇద్దరినీ విడదీసే సందర్భాలు వస్తాయి. నా బ్యాగులో ముందు జిప్పులో పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్, పెన్ను, ఇంకేమీ ఉండవు. వెనక ప్లాస్టిక్ ఫోల్డర్లో పైనుంచి వరసగా తిరుగు టికెట్, మా అమ్మాయి అడ్రసు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం, ఇన్సూరెన్స్, మందుల చీటీలు. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, ఛార్జింగ్ అయిపోవచ్చు, కంగారులో వేలిముద్ర పడకపోవచ్చు. మధ్య అరలో మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలు, స్వెటరు, సాక్సులు, పులిహోరో చపాతీలో కొంచెం. ఆ తిండి విమానంలోనే తినేసి దిగమనండి. మొత్తం బ్యాగు ఏడు కిలోలు దాటకూడదు, గల్ఫ్ విమానాల్లో చాలావాటికి లెక్క అదే. బంగారం ఒంటిమీద ఎప్పుడూ ఉండేది తప్ప ఇంకేమీ వద్దు.

పెట్టె బరువు ఇంట్లోనే వేలాడదీసే కాటాతో చూసుకుని 21 కిలోల దగ్గర ఆపెయ్యండి, ఇంటి కాటాకీ ఎయిర్‌పోర్టు కాటాకీ కాస్త తేడా ఉంటుంది. ఖాళీ పెట్టే నాలుగయిదు కిలోలు తూగుతుంది కాబట్టి కొత్తది కొంటే తేలికది చూడండి. టీఎస్ఏ తాళాలే (అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ చేసేవాళ్ళు తమ తాళంచెవితో తెరవగలిగేవి) వెయ్యండి, వేరేవైతే తనిఖీకి పగలగొట్టొచ్చు. హ్యాండిల్‌కి ఎర్రగుడ్డ కట్టండి. వాళ్ళు దుబాయ్ నుంచి నేరుగా డాలస్ వస్తున్నారు కాబట్టి పెట్టెలు అక్కడే చేతికొస్తాయి. ఒకవేళ టికెట్ మారి ఇంకో అమెరికా ఊరి మీదుగా అయితే, మొదట దిగిన చోటే పెట్టెలు తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, అది వాళ్ళకి రెండు మూడుసార్లు చెప్పండి. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే జరిగిపోతుంది, ఆ విమానాశ్రయంలో మూడు గంటలైనా వ్యవధి ఉండేలా చూసుకోవాలి.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఈ ఆదివారం అమ్మగారికి వీడియో కాల్ చేసి మీ వంటింటి అల్మరా తలుపులు తీసి ఒక్కో డబ్బా చూపించండి, ఇదిగో కందిపప్పు, ఇదిగో ఇంగువ, ఇదిగో నువ్వులనూనె అని. తర్వాత బట్టల గదిలో వాళ్ళకోసం ఉంచిన స్వెటర్లు, దుప్పట్లు కూడా చూపించండి. మా అమ్మాయి అలా చూపించినప్పుడు, నేను అప్పటికే పెట్టెలో సర్దినవాటిలో ఎన్నో తీసి మళ్ళీ బీరువాలో పెట్టేశాను.